చైనా కళలోని చిహ్నాల పుస్తకాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? పరీక్షించే పద్ధతి

చైనా పింగాణీ మీద, పట్టుబట్టల మీద, జేడ్ అనే విలువైన రాతి చెక్కడాల్లో కనిపించే బొమ్మల అర్థాలు చెప్పే పుస్తకాల గురించి నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "వీటిలో ఏది నమ్మదగ్గది? ఏది కొనమంటారు?" అడిగేవాళ్లలో ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు ఉంటారు, హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా వస్తువులు చూసి ఆసక్తి పుట్టినవాళ్లు ఉంటారు, ఇంగ్లిష్ వ్యాసాలను తెలుగులోకి తెచ్చే అనువాదకులూ ఉంటారు.

ఒక పేరు చెప్పి తప్పించుకోవడం తేలికే. చిక్కేమిటంటే, ఈ పుస్తకాల్లో గబ్బిలం గురించి రాసింది గట్టిగా నిలబడుతుంది, అదే పుస్తకంలో నాలుగు పేజీల తర్వాత రాతియుగపు జేడ్ బిళ్ల గురించి రాసింది వట్టి ఊహగా తేలుతుంది. అందుకే పుస్తకం మొత్తానికి ఒక మార్కు వేయడం కుదరదు. ఒక్కో ఎంట్రీని విడిగా పట్టి చూడాలి. దీనికి చైనీస్ భాష రానక్కర్లేదు. ఒక సాయంత్రం ఖాళీ, కాస్త అనుమానించే బుద్ధి ఉంటే చాలు.

కావలసినవి

- పరీక్షించాల్సిన పుస్తకం. స్కాన్ అయితే ముందు పేజీలు, వెనక పేజీలు కూడా ఉన్న స్కాన్. అట్టనూ విషయాన్నీ మాత్రమే ఇచ్చే అరకొర పీడీఎఫ్ పనికిరాదు.
- ఫోన్‌లో ఒక చైనీస్ నిఘంటువు యాప్. ప్లెకో లాంటిది ఉచితంగానే దొరుకుతుంది. వేలితో గీసి అక్షరాన్ని వెతికే సదుపాయం ఉండాలి.
- మ్యూజియం సేకరణల వెబ్‌సైట్లు: బీజింగ్ ప్యాలెస్ మ్యూజియం, తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్, లండన్ బ్రిటిష్ మ్యూజియం. వీటిలో రెండైనా తెరిచి పెట్టుకోండి.
- పాత చైనీస్ గ్రంథాల్లో వెతకడానికి చైనీస్ టెక్స్ట్ ప్రాజెక్ట్ అనే సైటు.
- నోటుపుస్తకం. ప్రతి ఎంట్రీకి నాలుగు గళ్లు: బొమ్మ, పుస్తకం చెప్పిన అర్థం, ఇచ్చిన ఆధారం, మీరు చూసి తేల్చుకున్నది.

చైనీస్ చదవగలిగే స్నేహితులు ఉంటే మంచిదే. కానీ వాళ్లను "ఈ బొమ్మ అర్థం ఏంటి?" అని అడక్కండి. "ఈ నాలుగు అక్షరాలు చదివి పెట్టు" అని అడగండి. ఇవాళ చైనీస్ మాట్లాడే ప్రతివాళ్లకీ మూడు వందల ఏళ్ల నాటి కూజా మీది బొమ్మలు తెలియాలని లేదు. మన లేపాక్షి పైకప్పు మీద ఏం గీశారో మనలో ఎంతమంది చెప్పగలరు?

1. ముందు పుట్టిన తేదీ చూడండి, అట్ట చూడకండి

అట్ట మీద కొత్త రంగులు, లోపల పాత సరుకు: ఈ రంగంలో ఇది మామూలు. చైనా కస్టమ్స్ శాఖలో పనిచేసిన సి.ఎ.ఎస్. విలియమ్స్ రాసిన చిహ్నాల పుస్తకం మొదట 1931లో పెకింగ్‌లో వచ్చింది. 1976లో డోవర్ సంస్థ దాన్ని మళ్లీ అచ్చువేసింది, తర్వాత కూడా రకరకాల అట్టలతో వస్తూనే ఉంది. దుకాణంలో కొత్తగా కనిపించే ఆ ప్రతిలో ఉన్నది మన తాతముత్తాతల నాటి సమాచారం. 1931 తర్వాత చైనాలో జరిగిన తవ్వకాలు ఎన్నో. ఆ ఫలితాలేవీ అందులో ఉండవు.

పాతది కాబట్టి చెడ్డదని కాదు. అప్పటి పండగలు, దేవుళ్లు, ఇళ్లలో నమ్మకాల గురించి అందులో దొరికేది ఇప్పటి పుస్తకాల్లో దొరకదు. పురాతన వస్తువుల గురించి అది చెప్పేదాన్ని మాత్రం ఇంకోచోట సరిచూసుకోకుండా తీసుకోవద్దు.

ఈ దశలోనే చూడాల్సింది ఇంకొకటి: పుస్తకం ఏ అలమరాలో ఉంది? ఫెంగ్‌షుయ్ అలమరాలో ఉంటే దాని పని వస్తువులు అమ్మించడం. "ఇంటికి ఏ మూల పెట్టాలి" అనే సలహా ఉన్న పుస్తకాన్ని కళా చరిత్రకు వాడకండి. మన ఊళ్లలో దొరికే 'లక్కీ బాంబూ'నే తీసుకోండి. అది వెదురే కాదు, ఆఫ్రికాకు చెందిన డ్రసీనా జాతి మొక్క. చైనా కవులు, చిత్రకారులు వెదురుకు అంటగట్టిన గుణాలను దానికి తగిలించే పుస్తకం మిగతా చోట్ల ఎంత జాగ్రత్తగా ఉంటుందో ఊహించుకోవచ్చు.

2. చైనీస్ అక్షరాలు అచ్చులో ఉన్నాయా?

లేకపోతే ఆ పుస్తకం సగం ఓడిపోయినట్టే. కారణం తేలిక. మింగ్, చింగ్ రాజవంశాల కాలపు (1368–1912) అలంకారాల్లో చాలా భాగం ఉచ్చారణ మీద నడిచే శ్లేష. గబ్బిలాన్ని 'ఫు' అంటారు, శుభానికీ 'ఫు' అనే ధ్వనే. చేప 'యు', మిగులు కూడా 'యు'. జింక 'లు', ప్రభుత్వోద్యోగపు జీతం 'లు'. కూజా 'పింగ్', శాంతి 'పింగ్'. ధ్వని ఒకటే, అక్షరాలు వేరు. అక్షరం ఇవ్వకుండా "గబ్బిలం అంటే అదృష్టం" అని మాత్రమే రాస్తే దాన్ని సరిచూసే దారి మీకు మిగలదు.

స్పెల్లింగ్ దగ్గర గాబరా పడకండి. చైనీస్ ఉచ్చారణను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పిన్‌యిన్ పద్ధతిని చైనా 1958లో అధికారికంగా ఆమోదించింది. పాత ఇంగ్లిష్ పుస్తకాలు ఎక్కువగా దానికి ముందున్న వేడ్-జైల్స్ పద్ధతిలో రాస్తాయి. ఒకే మాట రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా కనిపిస్తే అవి రెండు వేర్వేరు చిహ్నాలనుకుని నోట్సులో ఎక్కించేవాళ్లు చాలామంది. పోల్చాల్సింది ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ను కాదు, చైనీస్ అక్షరాన్ని.

3. జవాబు తెలిసిన ప్రశ్నలతో మొదలుపెట్టండి

ఈ పద్ధతిలో ముఖ్యమైన భాగం ఇదే. మీకు తెలియని బొమ్మను వెతికే ముందు, జవాబు ఇప్పటికే తేలిన కొన్ని ఎంట్రీలు తెరిచి పుస్తకం ఏం రాసిందో చూడండి. నేను వాడే ప్రశ్నలు ఇవి.

ఐదు గబ్బిలాలు. ఇవి ఐదు శుభాలు అని అన్ని పుస్తకాలూ చెప్తాయి. ఏ ఐదు? ప్రాచీన గ్రంథం షుజింగ్‌లో ఉన్న జాబితా ఇది: దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యంతో కూడిన ప్రశాంతత, సద్గుణం మీద ప్రీతి, నిండు జీవితం గడిపి సహజంగా కన్నుమూయడం. జనం నోట నలిగిన జాబితా వేరు: శుభం, ఉద్యోగం, ఆయుష్షు, సంతోషం, ధనం. మంచి పుస్తకం ఈ రెండింటినీ వేరుచేసి, మొదటిది ఎక్కడిదో చెప్తుంది. మామూలు పుస్తకం ఏదో ఒకటి ఇస్తుంది. రెండింటినీ కలగలిపి, పైగా "ప్రాచీన గ్రంథాల ప్రకారం" అని రాస్తే ఒక ఎర్ర గీత పెట్టండి.

దానిమ్మ. పగిలి గింజలు కనిపించే దానిమ్మ సంతాన సమృద్ధికి గుర్తు. ఇది ధ్వని శ్లేష కాదు. గింజకూ బిడ్డకూ ఒకే మాట ఉండటం వల్ల వచ్చింది. దీనికి పాత ఆధారం కూడా ఉంది. ఉత్తర వంశాల చరిత్ర 'బెయ్‌షి'లో ఆరో శతాబ్దపు ఉదంతం ఒకటి: పెళ్లికూతురి తల్లి చక్రవర్తి ముందు రెండు దానిమ్మలు పెడితే ఆయనకు అర్థం కాలేదు. కొత్తగా పెళ్లయిన రాకుమారుడికి ఎక్కువమంది పిల్లలు కలగాలని ఆమె కోరిక అని ఆస్థాన పండితుడు వెయ్ షౌ వివరించాడు. పుస్తకం ఈ ఉదంతాన్ని చెప్పకపోయినా తప్పులేదు. చెప్తే అది మూలాలు చూసే పుస్తకమని అర్థం.

జేడ్ బిళ్ల. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి బిళ్లను 'బి' అంటారు. "బి ఆకాశానికి చిహ్నం, త్సోంగ్ అనే చదరపు గొట్టం భూమికి చిహ్నం" అనే వాక్యం ఎక్కడైనా కనిపిస్తుంది. ఆ మాటకు మూలం 'జౌలి' అనే గ్రంథం. బిళ్లలు, గొట్టాలు పెద్ద ఎత్తున దొరికింది లియాంగ్‌జు సంస్కృతి సమాధుల్లో. దాని కాలం సుమారు క్రీ.పూ. 3300 నుంచి 2300 వరకు. గ్రంథానికీ వస్తువుకీ మధ్య దాదాపు రెండు వేల ఏళ్లు. వాటిని చెక్కినవాళ్లు రాసిపెట్టిన వివరణ ఏదీ మనకు లేదు. "తర్వాతి కాలపు గ్రంథం ఇలా చెప్పింది" అనే ఒక్క మాట ఉందా లేదా చూడండి. నా లెక్కలో అన్నిటికన్నా గట్టి పరీక్ష ఇది. చాలా పుస్తకాలు ఇక్కడే పడిపోతాయి.

కంచు పాత్రల మీది ముఖం. కంచుయుగపు షాంగ్ వంశపు పాత్రల మీద పెద్ద కళ్లతో ఉండే ముఖాన్ని 'తావ్‌తియె' అంటారు. తిండిపోతు రాక్షసుడని, అత్యాశకు హెచ్చరిక అని రాసే పుస్తకాలు బోలెడు. క్రీ.పూ. మూడో శతాబ్దపు 'లూషి చున్‌చియు' గ్రంథం, షాంగ్ తర్వాత వచ్చిన జౌ వంశపు కాలపు పాత్రల గురించి చెప్తూ ఈ పేరు వాడింది. షాంగ్ పాత్రల మీది ముఖాలకు దాన్ని తగిలించి స్థిరపరిచింది సోంగ్ వంశపు కాలం (960–1279) నాటి పురావస్తు ప్రియులు. షాంగ్ జనం దాన్ని ఏమని పిలిచారో రాసిపెట్టలేదు. అసలు దానికి అర్థం ఉందా, అది కేవలం అలంకారమా అన్నదాని మీద 20వ శతాబ్దంలో పెద్ద వాదమే నడిచింది. మాక్స్ లోర్ అలంకారమే అన్నాడు. కె.సి. చాంగ్ మరో లోకంతో మాట్లాడే పూజారులకు తోడుండే జంతువులని అన్నాడు. ఈ వాదం ఊసే లేకుండా ఒక్క వాక్యంతో తేల్చేసిన పుస్తకాన్ని పురాతన వస్తువులకు వాడొద్దు.

గుడి ముందు సింహాలు. వాటిని 'ఫూ డాగ్' అని కుక్కలుగానే వదిలేసిందా? అవి సింహాలు. సింహం చైనాలో సహజంగా ఉండే జంతువు కాదు కాబట్టి శిల్పులు ఎక్కువమంది దాన్ని చూడకుండానే చెక్కారు. 'డాగ్' అన్నది ఇంగ్లిష్‌లో పుట్టిన పేరు.

లాఫింగ్ బుద్ధ. ఆయన గౌతమ బుద్ధుడు కాదు. పదో శతాబ్దం తొలినాళ్లలో కన్నుమూసిన బుదాయ్ అనే భిక్షువు రూపం. రాబోయే బుద్ధుడైన మైత్రేయుడి అవతారంగా పూజలందుకున్నాడు. ఇక్కడే తడబడిన పుస్తకాన్ని మూసేయండి.

నీలం రంగు విల్లో ప్లేటు. వంతెన మీద ముగ్గురు మనుషులు, పైన రెండు పిట్టలు, పారిపోయిన ప్రేమికుల కథ. ఆ డిజైన్ 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్ కుండల కార్ఖానాల్లో రూపుదిద్దుకుంది, కథ కూడా అక్కడే అల్లారు. దాన్ని ప్రాచీన చైనా గాథగా చెప్పే పుస్తకం ఉంటే దాని రచయిత ఎవరినీ ఏదీ అడగలేదని తేలిపోతుంది.

ఏడింటిలో జేడ్ బిళ్ల, కంచు ముఖం తప్పినా మిగతావన్నీ సరిగ్గా ఉంటే ఆ పుస్తకాన్ని మింగ్, చింగ్ వస్తువుల వరకు ధైర్యంగా వాడుకోవచ్చు. చివరి మూడూ తప్పితే ఇక ముందుకు వెళ్లి టైమ్ వేస్ట్ చేసుకోకండి.

4. "ఎప్పుడు?" అని అడగండి

"చైనీయులు తాబేలును దీర్ఘాయువుగా భావిస్తారు." ఏ కాలంలో? పాత కాలంలో తాబేలు చాలా గౌరవమైన ప్రాణి, దాని చిప్ప మీదే జోస్యం చూసేవాళ్లు. తర్వాతి శతాబ్దాల్లో మాత్రం 'తాబేలు' అనేది పచ్చి తిట్టుగా మారింది. అందుకే చివరి వంశాల కాలపు పుట్టినరోజు కానుకల్లో సారస పక్షి, పీచ్ పండు కనిపించినంతగా తాబేలు కనిపించదు.

డ్రాగన్ గోళ్లదీ ఇదే తంతు. "ఐదు గోళ్లుంటే చక్రవర్తిది" అని ఒక్క ముక్కలో చెప్పే పుస్తకాలే ఎక్కువ. రెండు కొమ్ములు, ఐదు గోళ్లు ఉన్న డ్రాగన్‌ను ఇతరులు వాడకూడదని యువాన్ వంశం 1314లో ఆంక్ష పెట్టింది. అంతకు ముందు వస్తువుల మీద మూడు గోళ్ల డ్రాగన్లు మామూలే. చింగ్ కాలంలో రాకుమారుల్లో కొందరికీ ఐదు గోళ్లకు అనుమతి ఉండేది, వంశం చివరి దశలో నియమాలు బాగా సడలిపోయాయి. గోళ్లు లెక్కపెట్టి "ఇది చక్రవర్తి అంగీ" అని తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఎనిమిది అంకె సంగతి మరీ సరదా. ఎనిమిది అంటే ధనం అనేది ప్రధానంగా దక్షిణ చైనాలో మాట్లాడే కాంటనీస్ ఉచ్చారణ నుంచి వచ్చి, ఈ మధ్య కాలంలో దేశమంతా పాకిన నమ్మకం. పాత పళ్లెం మీద చైనా కథల్లోని ఎనిమిది మంది అమరులు కనిపిస్తే వాళ్లు ఎనిమిది మంది కాబట్టే ఉన్నారు. దాన్ని ధనయోగంగా చదవకండి.

ఒక పుస్తకంలో యాదృచ్ఛికంగా పది ఎంట్రీలు తెరవండి. వంశం పేరో శతాబ్దమో ఎన్నిటిలో ఉందో లెక్కపెట్టండి. ఒక్కదాంట్లో కూడా లేకపోతే అది ఎప్పటి అర్థమో రచయితకూ పట్టలేదన్నమాట.

5. శ్లేషను విప్పి చూడండి

పిల్లి, సీతాకోకచిలుక కలిసి ఉన్న బొమ్మ తీసుకుందాం. పుస్తకం "దీర్ఘాయువు" అంటుంది. సరిచూసే వరస ఇది.

(అ) పిల్లి అక్షరం నిఘంటువులో వెతకండి: 'మావ్'. సీతాకోకచిలుకకు వాడే అక్షరం: 'దియె'.

(ఆ) పుస్తకం సూచించిన రెండో జంట అక్షరాలు వెతకండి: 'మావ్ దియె' అంటే డెబ్బై, ఎనభై దాటిన పండు వయసు.

(ఇ) ఉచ్చారణ సరిపోయిందా చూడండి. ఇక్కడ స్వరం, అంటే చైనీస్‌లో మాటను పలికే శ్రుతి తీరు, కొద్దిగా మారుతుంది: పిల్లి మొదటి స్వరం, వయసు మాట నాలుగో స్వరం. ఇలాంటి తేడా చైనా శ్లేషల్లో చెల్లుతుంది. స్వరం తేడా ఉందని కొట్టేయకండి. కానీ హల్లులే కలవకపోతే అనుమానించండి.

(ఈ) ఆ రెండు అక్షరాలనో, పుస్తకం ఇచ్చిన నాలుగక్షరాల దీవెననో మ్యూజియం సైట్లలో వెతకండి. అదే పేరుతో పాత చిత్రం ఉంటే, ఇంకా మేలు బొమ్మ మీదే ఆ మాటలు రాసి ఉంటే, అంతకు మించిన సాక్ష్యం లేదు. యాంగ్‌లియుచింగ్ లాంటి చోట్ల అచ్చయిన కొత్త సంవత్సరపు బొమ్మల మీద దీవెన అక్షరాలు తరచూ ఉంటాయి. బిడ్డ, చేప, తామర ఉన్న బొమ్మ మీద "లియెన్ నియెన్ యౌ యు", ఏటేటా మిగులు ఉండాలి, అని రాసి ఉంటే ఇక వాదన ఎందుకు?

జాగ్రత్త: ఫోన్ కెమెరాతో అక్షరాన్ని పట్టేటప్పుడు గబ్బిలం 'ఫు', శుభం 'ఫు' లాంటి దగ్గరి అక్షరాలు తారుమారవుతాయి. కుడి భాగం ఒకటే, ఎడమ భాగం వేరు. వేలితో గీసి మళ్లీ వెతకండి. చాట్‌బాట్‌ను అడిగితే తడుముకోకుండా దీవెన అల్లి ఇస్తుంది, అది నిజంగా వాడుకలో ఉందో లేదో చూడాల్సిన పని మాత్రం మీకు మిగులుతుంది.

సంఖ్యను కూడా పట్టించుకోండి. ఒక తెల్ల కొంగ, తామరలు ఉన్న బొమ్మ మనకు చెరువు దృశ్యం. చైనాలో "ఒక కొంగ" అన్న మాట 'యి లు', "దారి పొడవునా" అన్నదీ 'యి లు'. తామర 'లియెన్', "వరుసగా" కూడా 'లియెన్'. మొత్తం కలిపితే దారి పొడవునా పరీక్షలన్నీ వరుసగా పాసవ్వాలనే దీవెన. రెండు కొంగలుంటే ఈ అర్థం కుదరదు. ఈ సంగతి చెప్పకుండా "కొంగ అంటే విజయం" అని రాసిన ఎంట్రీ సగం నిజమే.

6. ఎవరి మాటను ఎవరు తీసుకున్నారో చూడండి

ఐదు పుస్తకాలు ఒకే మాట చెప్పాయంటే ఐదుగురు సాక్షులు దొరికినట్టు కాదు. నాలుగు పుస్తకాలు ఐదోదాన్ని చూసి రాసి ఉండొచ్చు. పట్టుకోవడం కష్టమేం కాదు: అవే మూడు ఉదాహరణలు అదే వరసలో వస్తున్నాయా? ఒకే అక్షరదోషం రెండు చోట్లా ఉందా? "ప్రాచీన చైనీయులు నమ్మేవారు" అనే వాక్యం ఎవరి పేరూ లేకుండా తిరుగుతోందా? వాటిలో అన్నిటికన్నా పాతదాన్ని వెతికి, అది ఏ ఆధారం చూపిందో చూడండి. అక్కడా ఏమీ లేకపోతే నోటుపుస్తకంలో "ఒకే మూలం" అని రాసుకోండి.

గ్రంథం పేరు ఇచ్చిన చోట ఆ గ్రంథాన్ని తెరవండి. ఉదాహరణకు, పియోనీ పువ్వు సంపదకూ హోదాకూ గుర్తు, తామర సజ్జనుడికి గుర్తు అనే మాట సోంగ్ కాలపు పండితుడు జౌ దున్‌యి (1017–1073) తామర మీద రాసిన చిన్న వ్యాసంలో స్పష్టంగా ఉంది. చైనీస్ టెక్స్ట్ ప్రాజెక్ట్‌లో గానీ అనువాదంలో గానీ ఐదు నిమిషాల్లో చూడొచ్చు. ఇలా రెండు ఆధారాలు నిజమని తేలితే ఆ రచయిత మీద నమ్మకం పెంచుకోవచ్చు.

7. ఏ పుస్తకాన్ని ఏ పనికి?

ఇక్కడ నా అభిప్రాయం చెప్తాను. మింగ్, చింగ్ కాలపు శుభ చిహ్నాల శ్లేషలకు శాన్‌ఫ్రాన్సిస్కో ఏషియన్ ఆర్ట్ మ్యూజియం క్యూరేటర్ టెరీస్ ట్సె బార్తలోమ్యూ 2006లో తెచ్చిన పుస్తకం ముందు చూడండి. అక్షరం, పిన్‌యిన్, అర్థం, వస్తువు ఫోటో అన్నీ ఒకచోట ఉంటాయి కాబట్టి సరిచూడటం తేలిక. రాతియుగానికీ కంచుయుగానికీ అది రాసింది కాదు, అక్కడికి లాగకండి. వోల్ఫ్రామ్ ఎబర్‌హార్డ్ చిహ్నాల నిఘంటువు 1983లో జర్మన్‌లో, 1986లో ఇంగ్లిష్‌లో వచ్చింది. ఆయన జానపద పరిశోధకుడు. సామెతలు, కథలు, వాడుక మాటల్లో ఒక బొమ్మకు ఏయే అర్థాలున్నాయో బాగా చెప్తాడు, శృంగారపరమైన అర్థాలతో సహా. అయితే మాటల్లో ఉన్న అర్థం పింగాణీ మీద కూడా ఉందనుకోవడం మీ పొరపాటు అవుతుంది. విలియమ్స్ సంగతి పైన చెప్పాను.

కొనే స్తోమత లేకపోతే మ్యూజియం సైట్లలోని వివరణలే ఒక్కోసారి మేలు. వాటిలో వస్తువు తేదీ ఉంటుంది, పుస్తకాల్లో అదే కరువు.

మనవాళ్లు తరచూ చేసే పొరపాట్లు

మన అర్థాన్ని అక్కడ పెట్టడం మొదటిది. స్వస్తిక్ కనిపించగానే మనకు మన గుమ్మం గుర్తొస్తుంది. బౌద్ధంతో ఇండియా నుంచి వెళ్లిన మాట నిజమే. కానీ చైనాలో దాన్ని 'వాన్' అని చదువుతారు, 693లో మహారాణి వు జెతియన్ ఆ ఉచ్చారణను ఖరారు చేసిందని చెప్తారు. పదివేలు అనే మాటా 'వాన్' కాబట్టి అల్లికలా సాగే స్వస్తిక్ వరస అంతులేనితనానికి గుర్తు. ఏనుగు కనిపిస్తే వినాయకుణ్ని, తామర కనిపిస్తే లక్ష్మీదేవిని తలుచుకోకండి. కూజా మోస్తున్న ఏనుగు అక్కడ లోకశాంతి దీవెన. అలాగే గబ్బిలం మనకు అపశకునమని బొమ్మను అనుమానించే పని లేదు.

ఇంగ్లిష్ పేరును నమ్మడం ఇంకొకటి. చిలిన్ అనే చైనా పురాణ జంతువును 'యూనికార్న్' అన్నారని ఒంటికొమ్ము గుర్రాన్ని ఊహించుకుంటే దారి తప్పుతారు. 1414లో బెంగాల్ సుల్తాను పంపిన జిరాఫీని యోంగ్‌లె చక్రవర్తి ఆస్థానం చిలిన్‌గానే ఆహ్వానించింది, దాని బొమ్మ కూడా వేయించారు.

ప్రతి పూవుకూ పిట్టకూ అర్థం వెతకడం మూడోది, బహుశా అన్నిటికన్నా పెద్దది. పుస్తకం చేతిలో ఉంటే ఈ జబ్బు ముదురుతుంది. ఎవరికోసం, ఏ సందర్భానికి చేశారో చూడండి: పుట్టినరోజు కానుకా, పెళ్లి సామానా, అధికారి అంగీ మీది గుర్తా? యూరప్ ఆర్డర్ల కోసం చేసిన ఎగుమతి పింగాణీ అయితే దాని మీది బొమ్మలు కొనేవాళ్ల ఇష్టం ప్రకారం వచ్చినవి కావొచ్చు, శ్లేష వాళ్లకు అర్థమయ్యేదే కాదు.

సరిగ్గా వచ్చిందా? చూసుకునే పద్ధతి

మ్యూజియం సైటులో చింగ్ కాలపు వస్తువు ఒకటి ఎంచుకోండి. వివరణను చదవకుండా ఫోటో మాత్రమే చూడండి. మీ పుస్తకం సాయంతో అర్థం రాయండి, ఏ ఎంట్రీ వాడారో పక్కనే రాయండి. తర్వాత వివరణ తెరిచి పోల్చండి. ఇలా ఐదారు వస్తువులకు చేస్తే పుస్తకం ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలిసిపోతుంది. అన్నీ తప్పితే పుస్తకాన్ని తిట్టే ముందు మీరు బొమ్మను సరిగ్గా గుర్తుపట్టారో లేదో చూడండి. పీచ్ పండును దానిమ్మ అనుకుంటే ఏ పుస్తకమూ కాపాడదు.

మ్యూజియం వివరణ కూడా వేదవాక్కు కాదు. కొన్ని చోట్ల అవీ ఇదే పుస్తకాల నుంచి ఎత్తి రాసినవే. రెండు మ్యూజియాలు ఒకే రకం వస్తువుకు వేర్వేరు అర్థాలు చెప్తే రెండూ రాసుకోండి.

ఇక వ్యాసంలోకో శీర్షికలోకో ఎక్కించేటప్పుడు మాటల తీరు ఇలా మార్చుకోండి. బొమ్మ మీదే దీవెన రాసి ఉంటే "అర్థం ఇది" అని రాయొచ్చు. అక్షరం, ఉచ్చారణ, అదే కాలపు మరో వస్తువు మూడూ కలిస్తే "అర్థం ఇదని చెప్పొచ్చు". పుస్తకం మాట తప్ప ఇంకేమీ దొరకకపోతే "ఇలా అర్థం చెప్పేవాళ్లు ఉన్నారు" అని పుస్తకం పేరుతో సహా రాయండి. లియాంగ్‌జు జేడ్ బిళ్లకైతే తేదీ, కొలతలు, దొరికిన చోటు రాసి ఆపేయండి.